మంచు చూడబోతున్నారా? ముందు ఎత్తు చూసుకోండి!

మా అత్వెల్లిలో జనవరి చలికే రెండు దుప్పట్లు కప్పుకుంటాం. అలాంటిది, అమ్మాయి పదో తరగతి పాసైతే మంచులో స్కీయింగ్ చేయిస్తానని నోరు జారాను. ఇక వదులుతుందా? చీటీ డబ్బులు చేతికి రాగానే కాశ్మీరులోని గుల్‌మార్గ్ ప్రయాణం ఖాయమైంది. అత్తగారూ వస్తానన్నారు. ఆవిడకు బి.పి.!

మన హైదరాబాదు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంటే, గుల్‌మార్గ్ 2,650 మీటర్లు. అక్కడ నీళ్ళు 91 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కర్ లేనిదే పప్పు తొందరగా ఉడకదు. గాలి పలచబడితే మన ఒంటికీ తంటాయే. 2005లో మొదలైన రోప్‌వే రెండో అంచె ఇంకా పైకి, సుమారు 3,950 మీటర్లకు తీసుకెళ్తుంది. అందుకే ఇవి గుర్తుంచుకోండి:

* జనవరి, ఫిబ్రవరి నెలల్లో మంచు బాగుంటుంది.

* శ్రీనగర్‌లో ఒక రాత్రి, గుల్‌మార్గ్‌లో ఒక రాత్రి గడిపాకే పైకి వెళ్ళండి.

* తలనొప్పి, వాంతులు, కళ్ళు తిరగడం ఉంటే ఇంకా పైకి వెళ్ళకూడదు. తగ్గకపోతే వెంటనే కిందికి దిగాలి.

* గుండెజబ్బు, ఉబ్బసం, బి.పి. ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్ని అడిగే బయల్దేరాలి.

* స్కీలు, బూట్లు అద్దెకు దొరుకుతాయి, కొనకండి. ఉన్ని మేజోళ్ళు మాత్రం రెండు జతలు పెట్టుకోండి.

అత్తగారికి డాక్టరుగారు గుల్‌మార్గ్ దాకా సరేనన్నారు. కొత్తగా స్కీయింగ్ నేర్చుకునేవాళ్ళకు అక్కడి చిన్న వాలులే చాలు. అమ్మాయి మూతి ముడిచింది, నిజమే. "శిఖరం ఎక్కడికీ పోదే, నీ మొదటి జీతంతో ఎక్కుదువుగాని" అన్నాను. ఈసారికి నాయనమ్మ చూస్తుండగా జారితే చాలదూ?