ఊరి గబ్బిలము – పెరూ నీటికాకి

ఊరి చింతచెట్టున తలక్రిందులుగా వ్రేలాడు పెద్ద గబ్బిలమును మీరందరు ఎరుగుదురు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశపు దీవులలో నివసించు గ్వానే నీటికాకిని చూచియుండరు. మొదటిది పిల్లకు పాలిచ్చు జంతువు. రెండవది గ్రుడ్లు పెట్టు పక్షి. మొదటిది రాత్రివేళ పండ్లు, పూదేనె వెదకును. రెండవది పగటివేళ సముద్రమున మునిగి చేపలు పట్టును. అయినను రెండును గుంపులుగా బ్రతుకుచు సేద్యమునకు తోడ్పడునవే.

నీటికాకి చేయు మేలు దాని రెట్టలో కలదు. వానలు పడని ఆ దీవులలో రెట్టలోని నత్రజని కొట్టుకొనిపోక, మేలైన ఎరువుగా పేరుకొన్నది. 1840 మొదలు నలుబది ఏండ్లపాటు విచ్చలవిడిగా త్రవ్వి ఎగుమతి చేయగా గుట్టలు తరిగిపోయినవి. 1909లో ప్రభుత్వము పూనుకొని పక్షులకు కాపలా పెట్టి, దీవులను వంతులవారీగా త్రవ్వించిన పిదప ఎరువు మరల చేకూరినది.

గబ్బిలము చేయు మేలు కంటికి కనబడదు. బూరుగు, ఇప్ప పూలకు పరాగసంపర్కము చేయును. మర్రి, వేప విత్తనములను దూరముగా వెదజల్లును. మామిడి, జామ పండ్లకు నష్టము కలుగుట నిజమే. కాని ఆడ గబ్బిలము సామాన్యముగా ఏటికి ఒక్క పిల్లనే కనును. గుంపు నశించినచో మరల పెరుగుట కష్టము. 1972 వన్యప్రాణి చట్టము పండ్లు తిను గబ్బిలములను హానికర జంతువుల జాబితాలో చేర్చినది. 2022 సవరణతో ఆ జాబితాయే తొలగినది.

కావున గబ్బిలములున్న చెట్టును నరకవలదు. మామిడి కాయలకు కాగితపు సంచులు తొడుగుడు. గబ్బిలముల వలన నిపా వ్యాధి సోకవచ్చును గనుక, అవి కొరికిన పండ్లు తినవలదు. కల్లు కుండలకు రాత్రివేళ మూత కట్టింపుడు. గ్రామాధికారులు ఈ సంగతులు ఊరివారికి తెలుపవలెను. పెరూలో పక్షిని కాపాడిన పిదపనే ఎరువు దక్కినది. మనకును అదియే పాఠము.