యంత్రం మారింది.. సైటు తెరుచుకోదు!

కొత్త కంప్యూటర్‌ కొన్న ఆనందం తొలిరోజు సాయంత్రానికే ఆవిరవుతోంది. పాత యంత్రంలో కళ్లు మూసుకొని చేసిన పని కొత్తదానిలో ముందుకు సాగదు. నిన్నటి వరకూ మీట నొక్కితే వచ్చిన పాత సైట్లు కొన్ని తెరుచుకోవు. తెరుచుకున్నా డిజిటల్‌ సంతకం దగ్గర నిలిచిపోతాయి. దాచుకున్న పాస్‌వర్డులు కనిపించవు. టెండరు గడువు మరో గంటలో ముగుస్తుందనగా ఈ చిక్కు ఎదురైతే నెట్‌ సెంటర్‌ నిర్వాహకుడూ, గుత్తేదారూ పడే అవస్థ వర్ణనాతీతం. యంత్రాన్ని నిందించి ప్రయోజనం లేదు. చిక్కుముడి బ్రౌజర్‌ దగ్గర ఉంది.

విండోస్‌ 10కు మైక్రోసాఫ్ట్‌ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్‌ 11కు మారుదామంటే పాత కంప్యూటర్లలో అనేకం దాని అర్హతలకు తూగవు. దాంతో కొత్తవి కొనక తప్పలేదు. వాటిలో ఇంటర్నెట్‌ ఎక్స్‌ప్లోరర్‌ లేదు. 1995లో వచ్చిన ఆ బ్రౌజర్‌కు విండోస్‌ 10లోనే 2022 జూన్‌ 15న మద్దతు నిలిచింది. 2023 ఫిబ్రవరిలో దాన్ని పూర్తిగా మూసివేశారు.

ఒకప్పుడు సైట్లను నిర్మించినవారు ఎక్స్‌ప్లోరర్‌ ఒక్కదాన్నే దృష్టిలో పెట్టుకున్నారు. తెలుగు దినపత్రికల సైట్లే ఇందుకు సాక్ష్యం. సొంత ఫాంట్లతో నడిచిన ఆ రోజుల్లో అవి ఎక్స్‌ప్లోరర్‌లో చక్కగా కనిపించేవి. ఫైర్‌ఫాక్స్‌ వాడేవారు మాత్రం ‘పద్మ’ అనే అనుబంధాన్ని చేర్చుకొని చదువుకోవలసి వచ్చేది. యూనికోడ్‌ రాకతో ఆ బెడద తీరింది. సంతకాల విషయంలో మాత్రం చిక్కు మిగిలింది. యాక్టివ్‌ఎక్స్‌పై ఆధారపడిన సైట్లు ఎక్స్‌ప్లోరర్‌ లేనిదే పనిచేయవు. జావా యాప్లెట్లను క్రోమ్‌ 2015 సెప్టెంబరులో, ఫైర్‌ఫాక్స్‌ 2017 మార్చిలో పక్కన పెట్టాయి. ఆదాయపు పన్ను, జీఎస్టీ సైట్లు సంతకం కోసం వేరే చిన్న ప్రోగ్రామును కంప్యూటర్‌లో ఎక్కించుకోమంటున్నాయి. కొత్త యంత్రంలో దాన్నీ, సంతకపు టోకెన్‌ డ్రైవరునూ మళ్లీ ఎక్కించాలి. ఇది మరచి బ్రౌజర్లు మార్చుకుంటూ కూర్చుంటే కాలహరణమే.

ఎక్స్‌ప్లోరర్‌ తప్పనిసరైన సైటుకు ఒక దారి ఉంది. విండోస్‌తో పాటే వచ్చే ఎడ్జ్‌ బ్రౌజర్‌లో ‘ఐఈ మోడ్‌’ ఉంది. సెట్టింగుల్లో డిఫాల్ట్‌ బ్రౌజర్‌ విభాగానికి వెళ్లి, దానికి అనుమతి ఇచ్చి, సైటు చిరునామాను జాబితాలో చేర్చాలి. అయితే ఆ అనుమతి 30 రోజులకే చెల్లుతుంది. నెల తిరగగానే సైటు మళ్లీ మొరాయిస్తుంది. నిన్న పనిచేసింది నేడెందుకు చేయదని తలపట్టుకునేవారికి కారణం ఇదేనని తట్టదు. ఈ మార్గం గుండా దుండగులు దాడులకు దిగుతున్నారని తెలిసి 2025లో మైక్రోసాఫ్ట్‌ దీని మీటను పైపట్టీ నుంచి తీసేసింది. కాబట్టి నమ్మకమైన సైటుకు తప్ప దీన్ని వాడరాదు.

ఇక మిగతా పనులకు ఏది మేలు? క్రోమ్‌, ఎడ్జ్‌, ఒపెరా, బ్రేవ్‌.. పేర్లు వేరైనా అన్నింటికీ క్రోమియమే ఆధారం. ఒకే ఛాసిస్‌పై వేర్వేరు బాడీలు కట్టిన లారీల వంటివి. మన దేశపు మూల ధ్రువపత్రాన్ని గుర్తించే స్వదేశీ బ్రౌజర్‌ కోసం కేంద్రం 2023 ఆగస్టులో పోటీ ప్రకటించింది. 2025 మార్చిలో జోహో విజేతగా నిలిచింది. ఆ సంస్థ ‘ఉలా’ సైతం క్రోమియంపై కట్టినదే. కనుక ఒకదానిలో రాని సైటు రెండోదానిలో వస్తుందన్న ఆశ తక్కువ. భిన్నమైన ఇంజిన్‌ గలది ఫైర్‌ఫాక్స్‌. అదొకటీ, క్రోమియం రకానిదొకటీ ఉంచుకుంటే చాలు. నాలుగైదు ఎక్కించడం వల్ల ఒరిగేది లేదు.

విండోస్‌ 7 యంత్రాన్నే నెట్టుకొస్తున్నవారికి క్రోమ్‌లో 109వ వెర్షనే ఆఖరు. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 దానిపై ఎక్కదు. ఇలాంటి యంత్రంలో బ్యాంకు లావాదేవీలు చేయకపోవడం శ్రేయస్కరం.

అసలు నష్టం మాత్రం పాత హార్డ్‌డిస్కును తుడిచేసినప్పుడే జరుగుతోంది. క్రోమ్‌ దాచిన పాస్‌వర్డులకు ఆ కంప్యూటర్‌లోని విండోస్‌ ఖాతాయే తాళంచెవి. ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లో మోసుకొచ్చినా కొత్త యంత్రంలో అవి తెరుచుకోవు. పాత యంత్రం పనిచేస్తుండగానే పాస్‌వర్డ్‌ మేనేజర్‌ నుంచి ఎక్స్‌పోర్ట్‌ చేసుకోవాలి. బుక్‌మార్కులనూ విడిగా భద్రపరచుకోవాలి. ఫైర్‌ఫాక్స్‌ వాడినవారికి ఈ శ్రమ లేదు. ప్రొఫైల్‌ ఫోల్డరును యథాతథంగా తెచ్చుకుంటే పాస్‌వర్డులూ వెంటవస్తాయి.

ఎక్స్‌పోర్ట్‌ చేసిన ఫైల్లో పాస్‌వర్డులన్నీ ఎవరైనా చదవగలిగేలా ఉంటాయి. పదిమంది ఖాతాలు నడిచే నెట్‌ సెంటర్లో అది డెస్క్‌టాప్‌పై పడి ఉండటం ప్రమాదకరం. కొత్త బ్రౌజర్‌లోకి ఎక్కించిన వెంటనే ఆ ఫైలును కంప్యూటర్‌ నుంచీ, పెన్‌డ్రైవ్‌ నుంచీ తొలగించాలి. రీసైకిల్‌ బిన్‌నూ ఖాళీ చేయాలి.