షెల్లులో ఇంటి మనుషులు

క్రిందటి చలికాలం ఫార్మింగ్టన్ హిల్స్‌లో మంచు గడపదాకా పేరుకున్న ఒక ఆదివారం మా యింట్లో చిన్న ఘోరం జరిగింది. అమ్మ ఆరు నెలలు మా దగ్గర ఉండి వెళ్ళినప్పుడు పాడించి రికార్డు చేసుకున్న పాటలు ఇరవైమూడు, మంగళహారతులూ పెళ్ళిపాటలూను, మా కంప్యూటరులో ఉండేవి. అమ్మ ఇప్పుడు లేదు. విడిగా ఉన్న డిస్కులో పాత కాపీలు చోటు తినేస్తున్నాయని, వాటిని చెరిపేందుకు ఒక షెల్ స్క్రిప్టు రాశాము. స్క్రిప్టంటే మరేమీ కాదు, వరుసగా చెయ్యవలసిన కమాండుల చీటీ. మొదటిది సి.డి.: ఆ డిస్కులోని ఫోల్డరుకు వెళ్ళు. రెండవది ఆర్.ఎం.: అక్కడి పాటలు తీసెయ్యి.

డిస్కు తీగ ఊడి ఉంది. సి.డి. వెళ్ళలేక, తెరమీద ఒక్క వరుస గొణిగి ఊరుకుంది. ఆర్.ఎం. మాత్రం తానున్నచోటే పని ముగించింది. ఉన్నది అమ్మ పాటల ఫోల్డరులో!

మన ఇంజనీరు సోదరులు నవ్వుకోవచ్చు. చెయ్యి కాలాక పుస్తకం తిరగేశాము.

షెల్లుకు కమాండులు రెండు రకాలు. ఆర్.ఎం. వంటివి బయటివాళ్ళు. వాళ్ళకోసం షెల్ ఒక కొత్త ప్రాసెస్‌ను పుట్టించి పని అప్పగిస్తుంది. అది పని చేసి పోతుంది. సి.డి. అలా కాదు, షెల్ లోపలే ఉన్న ఇంటి మనిషి. ఎందుకంటే ఏ ప్రాసెస్ ఏ ఫోల్డరులో ఉందన్నది దాని సొంత సంగతి. పాలేరు పొలానికి వెళ్ళినంతమాత్రాన కామందు పొలంలో ఉన్నట్టా?

ఈ సంగతి యూనిక్స్ కన్నవాళ్ళకే మొదట తట్టలేదు. బెల్ లాబ్స్‌లో పి.డి.పి.-7 మీద పని చేస్తున్న రోజుల్లో, కొత్త ప్రాసెస్‌ను పుట్టించే పద్ధతి పెట్టగానే ఫోల్డరు మార్చే కమాండు పనిచెయ్యడం మానేసిందట. మారుతున్నది పుట్టిన పిల్ల ఉండే చోటు, తల్లిది కాదు! దానితో ఆ కమాండును షెల్ లోపలికే తెచ్చుకున్నారు. డెన్నిస్ రిచీ ఈ ముచ్చటను తన వ్యాసంలో రాశారు. 1989లో వచ్చిన బాష్‌లోనూ, 2019 నుంచి మాక్‌లలో ముందుగా పలకరిస్తున్న జీ షెల్‌లోనూ ఇదే ఏర్పాటు.

అందరూ ఇంత తప్పనిసరై లోపల చేరలేదు. ఎకో బయటా ఉంది, లోపలా ఉంది; లోపలిది త్వరగా పలుకుతుంది. ప్రాసెస్‌లను ఆపే కిల్ లోపల ఉండడం మాకు భలే నచ్చింది. కొత్త ప్రాసెస్ పుట్టడానికి చోటే లేనంతగా యంత్రం నిండిపోయినా, అది పనికొస్తుంది. ఎవరు ఇంటివారో ఎవరు బయటివారో తెలియకపోతే టైప్ అని, ప్రక్కన ఆ కమాండు పేరు కొడితే షెల్లే చెబుతుంది.

ఇప్పుడు మా చీటీలో సి.డి. వరుస చివర రెండు నిలువు గీతలు, వాటి ప్రక్కన ఎగ్జిట్ ఉన్నాయి. వెళ్ళలేకపోతే అక్కడితో ఆపెయ్యమని. ఎగ్జిట్ కూడా ఇంటి మనిషే. బయటివాడు షెల్లును ఎలా ముగిస్తాడు?

పాటల్లో పధ్నాలుగు గుంటూరులో అన్నయ్య ఫోనులో దొరికాయి. మిగిలిన తొమ్మిదికోసం చుట్టాలందరికీ ఫోన్లు చేస్తున్నాము.