వైఫై టిప్స్: పై గదిలో సిగ్నల్ రావట్లేదా..? పాత రూటర్‌ను ఇలా వాడుకోండి.. ఈ ఒక్క తప్పు మాత్రం చేయొద్దు!

హాల్లో రూటర్ పక్కన కూర్చుంటే వీడియో ఆగకుండా నడుస్తుంది. మెట్లెక్కి పై గదిలోకి వెళ్తే చాలు.. చక్రం తిరుగుతూనే ఉంటుంది. పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, వర్క్ ఫ్రమ్ హోమ్ మీటింగులు మధ్యలోనే కట్ అవుతుంటాయి. దీంతో చాలామంది ఎక్కువ స్పీడ్ ప్లాన్‌కు మారిపోతారు. నెలనెలా డబ్బులు ఎక్కువ కట్టినా పై గదిలో పరిస్థితి మారదు. ఎందుకంటే సమస్య ప్లాన్‌లో లేదు.. మధ్యలో ఉన్న కాంక్రీట్ స్లాబ్‌లో ఉంది!

ఎక్స్‌టెండర్ కంటే కేబుల్ మేలు

మామూలు ఎక్స్‌టెండర్ వైఫై ద్వారానే సిగ్నల్ అందుకుని, మళ్లీ వైఫైలోనే పంపిస్తుంది. రెండు పనులూ ఒకే బ్యాండ్‌లో చేస్తే స్పీడ్ దాదాపు సగానికి పడిపోతుంది. అదే మెయిన్ రూటర్ నుంచి పై అంతస్తుకు ల్యాన్ కేబుల్ లాగి, అక్కడ ఇంకో రూటర్ పెడితే ఈ నష్టం ఉండదు. దీన్నే యాక్సెస్ పాయింట్ అంటారు. ఇంట్లో మూలన పడి ఉన్న పాత రూటర్ కూడా ఈ పనికి సరిపోతుంది. క్యాట్-5ఇ లేదా క్యాట్-6 కేబుల్‌ను 100 మీటర్ల వరకు లాగొచ్చు. కొనేటప్పుడు ప్యూర్ కాపర్ కేబుల్ అడిగి తీసుకోవాలి.

అసలు తప్పు ఇక్కడే..

చాలామంది కేబుల్ గుచ్చేసి పని అయిపోయిందనుకుంటారు. ఇంట్లోని ప్రతి ఫోన్‌కు, టీవీకి ఐపీ అడ్రస్ ఇచ్చేది రూటరే. ఈ పనిని డీహెచ్‌సీపీ అంటారు. ఒకే నెట్‌వర్క్‌లో రెండు రూటర్లూ అడ్రస్‌లు పంచితే గందరగోళమే. వైఫై కనెక్ట్ అయినట్టే చూపిస్తుంది.. నెట్ మాత్రం రాదు. అందుకే ఈ పని మెయిన్ రూటర్ ఒక్కటే చేయాలి.

సెట్టింగ్స్ ఇలా మార్చుకోండి

* పాత రూటర్‌ను రీసెట్ చేసి, ముందుగా ల్యాప్‌టాప్‌కు మాత్రమే కనెక్ట్ చేయాలి.
* సెట్టింగ్స్‌లో 'యాక్సెస్ పాయింట్ మోడ్' ఉంటే అదే సెలెక్ట్ చేయాలి. మిగతాది రూటరే చూసుకుంటుంది.
* ఆ మోడ్ లేకపోతే ల్యాన్ ఐపీ మార్చాలి. మెయిన్ రూటర్‌ది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వొచ్చు. మెయిన్ రూటర్ పంచే అడ్రస్‌లలో ఇది ఉండకుండా చూసుకోవాలి.
* కొత్త అడ్రస్‌తో మళ్లీ లాగిన్ అయి డీహెచ్‌సీపీ ఆఫ్ చేయాలి.
* మెయిన్ రూటర్ ల్యాన్ పోర్టు నుంచి వచ్చిన కేబుల్‌ను పాత రూటర్ ల్యాన్ పోర్టుకే పెట్టాలి. వ్యాన్ పోర్టును ఖాళీగా వదిలేయాలి.

పేరు ఒకటే.. ఛానెల్ వేరు

అన్ని చోట్లా వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం ఒకటే ఉంచితే ఫోన్ తనంతట తానే దగ్గరి సిగ్నల్‌కు మారుతుంది. ఛానెళ్లు మాత్రం వేరుగా ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానికి 1, ఇంకోదానికి 6, మూడోది ఉంటే 11 ఇవ్వాలి. పైకి వెళ్లినా ఫోన్ కింది సిగ్నల్‌నే పట్టుకుని వేలాడుతుంటే, కింది రూటర్‌లో ట్రాన్స్‌మిట్ పవర్ కాస్త తగ్గించి చూడాలి.

ఇవి మర్చిపోవద్దు

పాత రూటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వి అయితే 300 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నా పైన 100 దాటదు. అలాంటప్పుడు గిగాబిట్ పోర్టులున్నది కొనడమే మంచిది. కరెంటు వైర్లు వెళ్లే పైపులోనే ల్యాన్ కేబుల్ వేయొద్దు. రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉంటే చేసేయాలి.

అంతా అయ్యాక ఒక వీడియో కాల్ చేసి, మాట్లాడుతూ కింది నుంచి పైకి నడవండి. కాల్ కట్ కాకుండా పై గదికి చేరితే సెటప్ సక్సెస్ అయినట్టే!