గ్రంథాలయపు ప్రతియు, దొంగముద్రణయు

ఇబ్రహీం కులీ కుతుబ్‌షా 1578లో మూసీపై గట్టించిన పురానాపూల్ నుండి నదివెంట తూర్పునకు బోయినచో అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము కానవచ్చును. ఇది 1891లో ఆసఫియా గ్రంథాలయమను పేర స్థాపింపబడినది. అచ్చట నొక్క పుస్తకమును వందలమంది వెల యీయకయే చదువుదురు. ఇదియు గ్రంథచౌర్యము వంటిదే కాదా యని కొందరు శంకింతురు.

ఈ రెంటికిని భేదము కలదు. గ్రంథాలయమున ప్రతి యెందరు చదివినను ఒక్కటిగనే యుండును. దాని వ్యయమునకై పౌరులు ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు పన్ను చెల్లింతురు. దొంగముద్రణమున నొక ప్రతి వేయి ప్రతులగును. గ్రంథకర్తకు కాసైనను చెందదు. తెలుగున పెక్కు పుస్తకములు వేయి ప్రతులకు మించి యచ్చుపడవు. కావున కొలది నష్టమే మలిముద్రణము నాపగలదు. పుటలు లోపించి, పీఠికలు తొలగిన దొంగప్రతి పరిశోధకునకు ప్రమాణమును కాజాలదు.

విక్రయమునకు దొరకని గ్రంథముల గతి యేమి? దానికి 1957 నాటి గ్రంథస్వామ్య చట్టమే త్రోవ చూపినది. దేశమున అమ్మకమునకు లభింపని పుస్తకమును లాభాపేక్ష లేని ప్రజాగ్రంథాలయము తన యుపయోగమునకై మూడు ప్రతులవరకు చేయించుకొనవచ్చును.

డెన్మార్కు 1946లోనే గ్రంథాలయములలోని పుస్తకములకై కర్తలకు ప్రతిఫల మొసగ నేర్పాటు చేసినది, మనకట్టిది లేదు. గ్రంథాలయము క్రొత్త పుస్తకములు కొననిచో పేద పాఠకుడు దొంగప్రతినే వెదకును. కావున చౌర్యమును నిందించుటతో సరిపుచ్చక, వలసిన పుస్తకములను గ్రంథాలయముచే కొనిపించుటయు పాఠకలోకమునకు విధి.