అటెన్‌బరో ఇంటిపేరు ఎక్కడిది?

‘గాంధీ’ సినిమా తీసిన రిచర్డ్ అటెన్‌బరో పేరు మనకు కొత్త కాదు. అడవుల గురించీ సముద్రాల గురించీ దశాబ్దాలుగా టీవీలో చెబుతూ వస్తున్న డేవిడ్ అటెన్‌బరో ఆయన తమ్ముడే. ఈ అన్నదమ్ముల వల్ల ఆ ఇంటిపేరు ప్రపంచమంతా తిరిగింది. ఇంతగా వినిపించే పేరు కాబట్టి ఇంగ్లండ్‌లో వీధికొకరు ఉంటారేమో అనిపిస్తుంది. నిజానికి అది అక్కడ అరుదైన ఇంటిపేరు. బ్రిటన్‌లో స్మిత్ అనే ఇంటిపేరున్నవాళ్లు 5 లక్షల పైచిలుకు. వాళ్ల పక్కన అటెన్‌బరోలు గుప్పెడుమంది. ఆ గుప్పెడుమందిలోనూ చాలా కుటుంబాల మూలాలు ఇంగ్లండ్ నడిమధ్యన, నాటింగ్‌హామ్, డార్బీ జిల్లాల్లోనే కనిపిస్తాయి.

ఇంత తక్కువమందికే ఈ పేరు ఎందుకుంది? ఉన్నవాళ్లు అక్కడే ఎందుకున్నారు? చరిత్రకారులు పాత కాగితాల్లో వెతికారు, జన్యుశాస్త్రజ్ఞులు రక్తంలో వెతికారు. ఇద్దరికీ దొరికిన సమాధానాలు చాలావరకు ఒకదానికొకటి సరిపోయాయి. ఎక్కడ సరిపోలేదో చూస్తే కథ ఇంకా బాగా అర్థమవుతుంది.

ముందు ఊరి సంగతి. నాటింగ్‌హామ్ నుంచి నైరుతి దిక్కుగా, బీస్టన్ దాటాక, ట్రెంట్ నది ఒడ్డున అటెన్‌బరో అనే చిన్న ఊరుంది. అక్కడ సెయింట్ మేరీ పేరు మీద ఒక పాత చర్చి ఉంది. ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో రాజుకు ఎదురు నిలిచిన సేనాని, ఆలివర్ క్రామ్‌వెల్ అల్లుడు హెన్రీ ఐర్టన్ 1611లో పుట్టింది ఈ ఊళ్లోనే. నది పక్కన కంకర తవ్విన పెద్ద పెద్ద గుంతలు నీళ్లతో నిండి చెరువులయ్యాయి, వాటి మీదికి పక్షులు చేరాయి. ఇప్పుడు ఆ చోటంతా రక్షిత ప్రాంతం. 1966లో దాన్ని ప్రారంభించింది డేవిడ్ అటెన్‌బరోయే. ఊరి పేరు మాత్రం చాలా పాతది. నార్మన్లు రాకముందు అక్కడున్న ఆంగ్లో శాక్సన్ల కాలంలో ఎవరో ఒక పెద్దమనిషి పేరుకు, కోటగోడ కట్టుకున్న చోటు అనే అర్థమున్న ‘బుర్’ అనే మాట చేరి అది ఏర్పడిందని స్థలనామ పరిశోధకులు చెబుతారు. మన పల్లెల్లో ‘గడి’ అంటామే, దాదాపు అలాంటిది.

ఊరి పేరు మనిషికి ఇంటిపేరు ఎలా అయింది? 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక భూస్వాములు తమ జాగీర్ల పేర్లను వంశం పేర్లుగా పెట్టుకోవడం మొదలుపెట్టారు. సామాన్యులకు ఆ అవసరం చాలా ఆలస్యంగా వచ్చింది. ఒక ఊళ్లో పదిమంది జాన్‌లుంటే పన్ను రాసుకునే గుమాస్తాకు తంటా. జాన్ అనే కమ్మరి, జాన్ అనే రాబర్ట్ కొడుకు, వాగు పక్కన ఉండే జాన్, ఫలానా ఊరి నుంచి వచ్చిన జాన్ అని విడివిడిగా రాసుకోవాల్సి వచ్చింది. 1377, 1379, 1381లో రాజు విధించిన తలపన్ను చిట్టాల్లో ఇలాంటి పేర్లు వేలకు వేలు కనిపిస్తాయి. వాటిలో కొన్ని అప్పటికే తండ్రి నుంచి కొడుక్కి దిగుతున్నాయి, మరికొన్ని ఒక్క తరంతో ఆగిపోయాయి.

ఇక్కడ ఒక కిటుకుంది. ఊరి పేరు ఇంటిపేరుగా స్థిరపడేది సాధారణంగా ఆ ఊరు వదిలి వెళ్లినవాడికే. సొంత ఊళ్లో ఉన్నంతకాలం ఆ పేరు పెట్టి పిలిస్తే ఎవరికీ ఎవరూ వేరు కారు. పక్క ఊరికి వెళ్లాకే అతను ‘అటెన్‌బరో వాడు’ అవుతాడు. ఇది తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వివరించక్కర్లేదు. గురజాడ అప్పారావు ఉత్తరాంధ్రలో బతికారు, గురజాడ అనే ఊరు కృష్ణా జిల్లాలో ఉంది. పూర్వీకులు అక్కడి నుంచి తరలివచ్చారు కాబట్టే ఆ ఊరు వాళ్లకు ఇంటిపేరైంది.

అన్ని ఊరి పేర్లూ అరుదైన ఇంటిపేర్లు కావు. సటన్, నార్టన్ అనే ఊళ్లు ఇంగ్లండ్ నిండా ఉన్నాయి. ప్రతి సటన్ నుంచీ ఎవరో ఒకరు బయటికి పోయి ఉంటారు. అందుకే సటన్ అనే ఇంటిపేరు పదిచోట్ల పది వేర్వేరు కుటుంబాలకు పుట్టింది. అటెన్‌బరో పేరుతో ఊరు ఒక్కటే. కాబట్టి ఆ ఇంటిపేరుకు పుట్టుక అవకాశాలు మొదటి నుంచే తక్కువ.

అయితే దీనికి ఒక ప్రత్యామ్నాయ వాదన ఉంది. మధ్యయుగపు ఇంగ్లిష్‌లో ‘అటెన్’ అంటే ‘దగ్గర’ అని. యాష్ చెట్టు దగ్గర ఉండేవాడు అనే అర్థంలో ‘అటెన్ యాష్’ అన్నది నలిగి నలిగి ‘నాష్’ అనే ఇంటిపేరైంది. ఓక్ చెట్ల దగ్గరివాడు ‘నోక్స్’ అయ్యాడు. అదే లెక్కన అటెన్‌బరో అంటే గడి దగ్గర ఉండేవాడు కావచ్చు కదా, దానికి ఊరితో పనేముంది అని అడిగినవాళ్లున్నారు. ప్రశ్న న్యాయమైనదే. కానీ అదే నిజమైతే గడులు దేశమంతా ఉన్నాయి, ఇంటిపేరు కూడా దేశంలో నలుదిక్కులా మొలవాలి. అలా జరగలేదు. అటెన్‌బరో ఊరి చుట్టుపక్కలే అది చిక్కగా ఉంది. నా దృష్టిలో ఈ తగువు తీర్చేది నిఘంటువు కాదు, పటం.

ఆ పటం గీయడానికి ఇంగ్లండ్‌లో సామగ్రికి కొదవ లేదు. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు దగ్గర మంత్రిగా ఉన్న థామస్ క్రామ్‌వెల్ ప్రతి చర్చిలో బాప్టిజాలు, పెళ్లిళ్లు, చావులు పుస్తకంలో రాయాలని ఉత్తర్వు వేశాడు. 1837 నుంచి ప్రభుత్వమే జనన మరణాలు నమోదు చేస్తోంది. 1841 నుంచి జనాభా లెక్కల్లో మనుషుల పేర్లు దొరుకుతున్నాయి. పరిశోధకులు ఎక్కువగా ఆధారపడేది 1881 లెక్కల మీద, ఎందుకంటే ఆ ఏటి పేర్లన్నీ సూచికగా తయారయ్యాయి. 1881 లెక్కలనూ 1998 నాటి ఓటర్ల జాబితానూ పక్కపక్కన పెట్టి లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ భూగోళ శాస్త్రజ్ఞులు వేల ఇంటిపేర్లకు పటాలు గీశారు. రైళ్లు వచ్చాయి, రెండు ప్రపంచ యుద్ధాలు జరిగాయి, మోటారు కార్లు తిరిగాయి. అయినా చాలా ఇంటిపేర్లు పుట్టినచోటును పూర్తిగా వదల్లేదు. అందరూ కదిలిపోయిన శతాబ్దం అనుకునే కాలంలో ఇంతమంది కదలకుండా ఉండటం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కదలకపోవడానికి బలమైన కారణాలే ఉన్నాయి. 1662 నాటి ఒక చట్టం ప్రకారం పేదవాడి పోషణ భారం అతని సొంత పారిష్‌దే, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊరిదే. కొత్త ఊరికి వచ్చినవాడు రేపు తమ నెత్తిన పడతాడని భయపడితే అక్కడి పెద్దలు అతన్ని వెనక్కి పంపించగలిగేవారు. నాటింగ్‌హామ్ ప్రాంతానికి ఇంకో కారణం కూడా ఉంది. 1589లో ఆ జిల్లాలోని కాల్వర్టన్‌కు చెందిన విలియం లీ మేజోళ్లు అల్లే మగ్గం కనిపెట్టాడని చెబుతారు. తర్వాతి రెండు శతాబ్దాల్లో అది ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటి పనిగా మారింది. ఇంట్లో కూర్చుని మేజోళ్లు అల్లుకుంటే పొలం లేకపోయినా పూట గడిచేది. ఊరు వదలాల్సిన అగత్యం తగ్గింది.

డేవిడ్, రిచర్డ్‌ల తండ్రి ఫ్రెడరిక్ అటెన్‌బరోనే చూడండి. 1887లో ఆయన పుట్టిన స్టేపుల్‌ఫర్డ్, అటెన్‌బరో ఊరికి సుమారు నాలుగు కిలోమీటర్లు. ఎన్నో శతాబ్దాల కిందట ఎవరో ఊరు విడిచి ఆ పేరు తెచ్చుకున్నారు. ఇన్ని తరాల తర్వాత ఆ పేరున్న మనిషి ఆ ఊరి నుంచి ఓ గంట నడక దూరంలో పుట్టాడు. ఫ్రెడరిక్ ఆంగ్లో శాక్సన్ కాలాన్ని చదువుకున్న పండితుడు. తొలినాటి ఇంగ్లిష్ రాజుల చట్టాలను 1922లో అనువాదంతో సహా ప్రచురించాడు. తర్వాత 1932 నుంచి 1951 దాకా లెస్టర్‌లో యూనివర్సిటీ కాలేజీకి ప్రిన్సిపాల్. పిల్లలు పెరిగింది ఆ ప్రాంగణంలోనే.

పోయినవాళ్లూ లేకపోలేదు. 1839లో నాటింగ్‌హామ్, డార్బీల మధ్య రైలు మొదలైంది, దాని పట్టాలు అటెన్‌బరో ఊరి మీదుగానే వెళ్తాయి. 19వ శతాబ్దపు లండన్‌లో ఈ ఇంటిపేరుతో పేరుమోసిన తాకట్టు దుకాణాలుండేవి. ఫ్లీట్ స్ట్రీట్, చాన్సరీ లేన్ కలిసే మూలన అలాంటి ఒక భవనం నిలబడి ఉంది. వలస ఓడలెక్కి ఆస్ట్రేలియా, అమెరికా, కెనడా చేరినవాళ్ల వంశాలు అక్కడ ఉన్నాయి. దారిలో స్పెల్లింగ్ కూడా కొన్నిచోట్ల మారి అటెన్‌బరో కాస్తా అటెన్‌బారో అయింది.

ఇప్పుడు అసలు చిక్కు. ఊరు ఒకటే అయినా, ఆరేడు వందల ఏళ్ల కాలంలో ఆ ఊరి నుంచి ఒక్కడే బయటికి వెళ్లాడా? నలుగురైదుగురు వెళ్లి, వేర్వేరు చోట్ల అదే పేరు తెచ్చుకుని ఉండవచ్చు. అప్పుడు నేటి అటెన్‌బరోలు నాలుగైదు వేరు వంశాలు కావాలి. దీన్ని కాగితాలు తేల్చలేవు. 1538కి ముందు సామాన్యుల వంశక్రమం పట్టుకోవడం దాదాపు అసాధ్యం.

దీన్ని తేల్చే ఆయుధం జన్యుశాస్త్రం దగ్గరుంది. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్తుంది. ఇంగ్లండ్‌లో ఇంటిపేరు నడిచే దారీ అదే. ఆ క్రోమోజోమ్‌లో కొన్ని చోట్ల చిన్న అక్షరమాలికలు వరుసగా పదిసార్లో పన్నెండుసార్లో తిరిగి తిరిగి వస్తాయి. తరాలు గడిచేకొద్దీ ఎప్పుడో ఒకసారి ఆ సంఖ్య ఒకటి పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. ఇద్దరు మగవాళ్ల అంకెలు దాదాపు ఒకేలా ఉంటే వాళ్ల ఉమ్మడి తాత ఇటీవలివాడు. బాగా తేడాగా ఉంటే ఆ తాత ఎప్పటివాడో. 2000లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞుడు బ్రయన్ సైక్స్ తన ఇంటిపేరే ఉన్న 48 మందిని పరీక్షిస్తే, దాదాపు 44 శాతం మందిలో ఒకే రకం కనిపించింది. సైక్స్ అంటే చిన్న వాగు, వాగులు ఎక్కడైనా ఉంటాయి కాబట్టి మూలపురుషులు ఎందరో ఉంటారని అంతకుముందు అనుకున్నారు.

తర్వాత లెస్టర్ విశ్వవిద్యాలయంలో ట్యూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ ఇంకా విస్తారంగా 40 ఇంటిపేర్లకు చెందిన 1,678 మందిని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. స్మిత్‌లకు ఒకరితో ఒకరికి సంబంధమేమీ లేదు, దారిన పోయే ఇద్దరిని తీసుకున్నా అంతే పోలిక. ఇంటిపేరు అరుదయ్యేకొద్దీ పోలిక పెరిగింది. అటెన్‌బరోల్లో 87 శాతం మందిది ఒకే రకం క్రోమోజోమ్. ఈ పని జరిగిన విశ్వవిద్యాలయం ఒకప్పుడు ఫ్రెడరిక్ అటెన్‌బరో నడిపిన కాలేజీయే. ఆయన పేరు మీద అక్కడ ఒక ఎత్తైన భవనం కూడా ఉంది.

87 శాతం అనగానే మొదటి అటెన్‌బరో ఒక్కడే, అందరూ అతని సంతానమే అని తేల్చేస్తారు చాలామంది. ఇక్కడే జాగ్రత్త పడాలి. 1873లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రజ్ఞుడు ‘ఎడ్యుకేషనల్ టైమ్స్’ పత్రికలో ఇంటిపేర్లు ఎందుకు అంతరిస్తాయో లెక్క కట్టమని పాఠకులను అడిగాడు. హెన్రీ విలియం వాట్సన్ అనే మతాచార్యుడు జవాబు పంపాడు. మరుసటి ఏడు ఇద్దరూ కలిసి వ్యాసం ప్రచురించారు. వాట్సన్ ప్రతి ఇంటిపేరూ చివరికి అంతరిస్తుందని తేల్చాడు, అది తప్పు. సగటున ఒక్కడికి ఒకరికంటే ఎక్కువమంది కొడుకులు మిగిలితే ఇంటిపేరు శాశ్వతంగా నిలిచే అవకాశం ఉంది. అయినా అతని పద్ధతి చక్కటిది. ఒక ఊళ్లో వంద ఇంటిపేర్లు, ఒక్కో ఇంటిపేరుకు ఒక్కో మగవాడు ఉన్నారనుకోండి. పెరిగి పెద్దయ్యే కొడుకులు సగటున మనిషికి ఒకరు. కొందరికి ముగ్గురు, కొందరికి ఒక్కడూ లేడు, అంతా అదృష్టం. మొదటి తరంలోనే 37 పేర్లు పోతాయి. రెండో తరానికి సగం పైనే పోతాయి. 20 తరాలకు మిగిలేవి పది లోపు. ఎవరినీ ఎవరూ చంపలేదు, కరువు రాలేదు, మామూలు పుట్టుకలు చావులే ఇంత పని చేశాయి.

కాబట్టి తొలినాళ్లలో నలుగురు అటెన్‌బరోలున్నా, ముగ్గురి మగసంతానం ఎక్కడో ఆగిపోయి, ఒక్కడి వంశమే నిలిచి ఉండవచ్చు. నేటివారందరి ఉమ్మడి తాత, ఇంటిపేరు మొదట తెచ్చుకున్న మనిషి, వీళ్లిద్దరూ ఒక్కరే కానక్కర్లేదు. ఆ తాత చాలా తరాల తర్వాతివాడైనా కావచ్చు.

మిగిలిన 13 శాతం మాటేమిటి? వాళ్లు నకిలీ అటెన్‌బరోలు కారు. దత్తత వెళ్లిన బిడ్డ, పెళ్లి కాకుండా పుట్టి తల్లి ఇంటిపేరు తెచ్చుకున్న బిడ్డ, మారుతండ్రి పేరు పెట్టుకున్న కొడుకు, భార్య తరఫు ఆస్తి కోసం పేరు మార్చుకున్న అల్లుడు, అక్రమ సంబంధంలో పుట్టిన బిడ్డ, వీళ్లందరి వల్లా క్రోమోజోమ్ ఒక దారినా ఇంటిపేరు ఒక దారినా పోతాయి. కింగ్, జాబ్లింగ్ వేసిన అంచనా ప్రకారం ఇలాంటివి తరానికి ఒకటి నుంచి నాలుగున్నర శాతం లోపే. తక్కువే అనిపిస్తుంది కానీ తరానికి రెండు శాతం చొప్పున 20 తరాలు పోతే మొదటి క్రోమోజోమ్ మిగిలేది వందలో 67 మందిలోనే. ఆ లెక్కన అటెన్‌బరోల 87 చాలా ఎక్కువ. ఉమ్మడి తాత అంత పాతవాడు కాకపోవచ్చని అనుకోవడానికి ఇదీ ఒక కారణం.

పేరుకూ రక్తానికీ మధ్య ఎంత దూరం ఉండవచ్చో చూపించే ఫలితం ఒకటి అదే లెస్టర్ బృందానికి 2007లో దొరికింది. యార్క్‌షైర్‌లో ఒక అరుదైన ఇంటిపేరు ఉన్న 18 మందిని పరీక్షిస్తే, ఏడుగురిలో అంతకుముందు పశ్చిమ ఆఫ్రికా మూలాలవారిలోనే కనిపించిన వై క్రోమోజోమ్ రకం బయటపడింది. వాళ్ల వంశవృక్షాలు 18వ శతాబ్దపు చివరిదాకా వెనక్కి పోయాయి. తమ వంశంలో ఆఫ్రికా నుంచి వచ్చినవాడున్నాడని వాళ్లెవరికీ తెలియదు. ఇంటిపేరు చూస్తే అచ్చమైన యార్క్‌షైర్ పేరు.

ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఇంటిపేరు నడిచే దారే మారుతోంది. బిడ్డకు తండ్రి ఇంటిపేరే పెట్టాలన్న చట్టం అక్కడ లేదు. తల్లి పేరు పెట్టుకునేవాళ్లు, తల్లిదండ్రుల ఇద్దరి పేర్లూ అడ్డగీతతో కలుపుకునేవాళ్లు, పెద్దయ్యాక పత్రం రాసుకుని కొత్త పేరు ఎంచుకునేవాళ్లు ఉన్నారు. కూతుళ్ల ద్వారా కూడా పేరు నిలిస్తే గాల్టన్ లెక్కలో అంతరించాల్సిన ఇంటిపేర్లు కొన్ని బతికిపోతాయి, కానీ వాటిని వై క్రోమోజోమ్ ద్వారా వెతకడం కుదరదు. రేపటి అటెన్‌బరోల మూలం వెతికేవాళ్లు మళ్లీ పుట్టుక పత్రాలనూ పెళ్లి పుస్తకాలనూ తిరగెయ్యాల్సిందే.