కొనని టికెట్‌కి లాటరీ తగిలిందంటే...

పోయిన నెల సోనాపూర్ క్యాంపుకి వెళ్లినప్పుడు జగిత్యాల దిక్కు మేస్త్రీ అన్న ఒకాయన ఫోన్ నా చేతికిచ్చి, "సార్, గిది జర చదివి చెప్పుండ్రి" అన్నాడు. ఇంగ్లీషులో ఈమెయిల్. రెండు లక్షల దిర్హాములు తగిలాయని ఉంది. పైన పెద్ద కంపెనీ బొమ్మ, కింద సంతకం, స్టాంపు. అప్పటికే ఆయన 1,500 దిర్హాములు 'ప్రాసెసింగ్ ఫీజు' కట్టేశాడు. అంటే ఒక నెల జీతం. ఇప్పుడు ఇంకో మూడు వేలు కట్టమంటున్నారు, కట్టాలా వద్దా అని అడుగుతున్నాడు.

ఆయనకి తెలివి లేదనుకోకండి. ఇక్కడ మనవాళ్లకి లాటరీలు నిజంగానే తగులుతాయి. పది మంది తలా యాభై వేసుకుని 500 దిర్హాముల బిగ్ టికెట్ కొంటారు. డ్రైవర్లు, కూలీలు గెలిచిన వార్తలు మనమే వాట్సాప్‌లో పంపుకుంటాం. దొంగలు ఆ ఆశనే వాడుకుంటారు.

కాబట్టి మొదటి ప్రశ్న మిమ్మల్నే అడుగుతున్నా. మీరు టికెట్ కొన్నారా? 'మీ ఈమెయిల్‌ని కంప్యూటర్ ఎంచుకుంది', 'మీ సిమ్ నంబర్‌కి తగిలింది' అంటే అక్కడితో వదిలేయండి. కొన్నవాళ్లైతే టికెట్ నంబర్ మీ దగ్గరే ఉంటుంది. ఈమెయిల్‌లో ఉన్న లింక్ నొక్కకుండా, ఆ లాటరీ వెబ్‌సైట్ పేరు మీరే టైప్ చేసి ఫలితం చూసుకోండి.

రెండోది డబ్బు లెక్క. నేను బీకాం చదివినవాణ్ణి, ఇది నా సబ్జెక్టు. రెండు లక్షలు ఇచ్చేవాడికి మీ 1,500 ఎందుకు? అందులోంచే పట్టుకుని మిగతాది ఇవ్వొచ్చుగా! 'టాక్స్' అంటారు. యూఏఈలో గెలిచిన బహుమతి మీద టాక్సే లేదు. ఇండియాలో లాటరీ మీద 30 శాతం పన్ను ఉంది, కానీ దాన్ని ఇచ్చేవాళ్లే ముందు కోసి మిగతాది ఇస్తారు. కొన్ని ఈమెయిల్స్ 'రిజర్వ్ బ్యాంకులో మీ డబ్బు ఉంది' అంటాయి. రిజర్వ్ బ్యాంకు మనలాంటి వాళ్ల పేరు మీద అకౌంట్లే పెట్టదు.

అసలు ముంచేది మొదటి ఫీజు కాదండీ, రెండోది. పోయిన 1,500 వెనక్కి రావాలంటే ఈ మూడు వేలు కట్టాలి అనిపిస్తుంది. అది కట్టాక కస్టమ్స్ అంటారు, తర్వాత ఏదో సర్టిఫికెట్ అంటారు, కొరియర్ అంటారు. రూమ్‌మేట్ దగ్గర చేబదులు తెచ్చి కట్టినవాళ్లున్నారు. 'డబ్బు చేతికొచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దు' అని కూడా అంటారు. ఎందుకంటే, పక్క మంచం మీది తమ్ముడికి చూపిస్తే వాడు ఒక్క నిమిషంలో పట్టేస్తాడు.

డబ్బు పోవడం ఒక్కటే కాదు. పాస్‌పోర్టు, ఎమిరేట్స్ ఐడీ ఫొటోలు అడుగుతారు, ఓటీపీ అడుగుతారు. ఇంకొందరిని 'మీ అకౌంట్‌లోకి డబ్బు వేస్తాం, తీసి ఇవ్వండి, కమిషన్ ఇస్తాం' అని పట్టుకుంటారు. ఈ మాటకి మాత్రం అస్సలు ఒప్పుకోకండి. ఇంకొకరి దగ్గర కాజేసిన సొమ్ము మీ అకౌంట్‌లో దొరికితే పోలీసులు ముందు మీ దగ్గరికే వస్తారు. మీ పేరు మీది సిమ్ ఇంకొకరికి ఇచ్చినా అంతే.

ఇప్పటికే కట్టి ఉంటే, ఇక ఒక్క దిర్హాం కూడా కట్టకండి. కార్డు నంబర్ చెప్పి ఉంటే వెంటనే బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు ఆపించండి. ఎక్స్చేంజ్‌లో పంపి ఉంటే రసీదు పట్టుకుని పరుగెత్తండి, అవతలివాడు ఇంకా తీసుకోకపోతే ఆపే వీలుంటుంది. సిగ్గుపడి మెసేజ్‌లు తుడిచేయకండి, అవే సాక్ష్యం. దుబాయ్‌లో పోలీసుల 901కి, అబుదాబిలో 8002626కి చెప్పొచ్చు. ఎవరిని అడగాలో తెలియకపోతే మన ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబర్ 800 46342. ఇండియాలో ఇంటివాళ్ల డబ్బు పోతే అక్కడి నుంచి 1930కి చేయమనండి. ఇళ్లల్లో పనిచేసే అక్కలు మేడమ్‌కి తెలుస్తుందేమోనని దాచిపెడతారు. మోసపోవడం నేరం కాదక్కా, చెప్పండి.

మేస్త్రీ అన్న ఆ మూడు వేలు కట్టలేదు. పోయిన 1,500 ఇంకా రాలేదు, వస్తుందని నేను మాటివ్వలేను. ఆ రాత్రి భయపడుతూనే ఇంటికి ఫోన్ చేసి సంగతి చెప్పాడట. ఆమె కాసేపు మాట్లాడలేదట. తర్వాత, కౌన్ బనేగా కరోడ్‌పతి పేరుతో పాతిక లక్షలు తగిలాయని తనకీ ఒక వాట్సాప్ మెసేజ్ వచ్చిందని, ఫీజు కట్టడానికి మర్నాడు ఆయన్నే డబ్బు అడుగుదామనుకుంటున్నానని చెప్పిందట.